గ్రాండ్ హోటల్‌లో బిల్లు ఎవరు కడుతున్నారు?

1932 నాటి ‘గ్రాండ్ హోటల్’ గురించి ఎవరు రాసినా మూడు సంగతులు తప్పకుండా చెబుతారు. ఎంజీఎం స్టూడియో తన దగ్గరున్న పెద్ద తారల్లో ఐదుగురిని ఒకే సినిమాలోకి దింపిందన్నది ఒకటి. గ్రెటా గార్బో అలసిపోయిన గొంతుతో ‘నాకు ఒంటరిగా ఉండాలని ఉంది’ అనడం రెండోది. మరే విభాగంలోనూ కనీసం నామినేషన్ లేకుండా ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచింది ఇదొక్కటే అన్నది మూడోది. మూడూ నిజాలే. అయితే ఈ మూడూ చెప్పేసి, సినిమాను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయడం మాత్రం అన్యాయం. తారల ఊరేగింపు అనీ, తళుకుబెళుకుల నాటకం అనీ, కాలం చెల్లిన ప్రేమకథ అనీ దీన్ని కొట్టిపారేసేవాళ్లు ఈ కథలో మనుషుల్ని ఒకరితో ఒకరిని ముడివేస్తున్నదేమిటో చూడలేదని నా నమ్మకం. ఆ ముడి డబ్బు. ఇంత పట్టుగా, ఇంత వివరంగా డబ్బు గురించి మాట్లాడిన హాలీవుడ్ సినిమాలు ఆ రోజుల్లో తక్కువ.

మొదటి నిమిషాలే చూడండి. కెమెరా హోటల్ టెలిఫోన్ ఎక్స్ఛేంజి మీద పైనుంచి వాలుతుంది. వరసగా కూర్చున్న ఆపరేటర్లు తీగలు గుచ్చుతూ, పీకుతూ ఉంటారు. ఆ వెంటనే ఒక్కొక్కరే ఫోన్లో మాట్లాడుతూ కనిపిస్తారు. పోర్టర్ సెన్ఫ్ ఆసుపత్రికి ఫోను చేసి పురిటి నొప్పులు పడుతున్న భార్య ఎలా ఉందని అడుగుతాడు. డ్యూటీ వదిలి వెళితే ఉద్యోగం ఉండదు కాబట్టి ఫోనుతోనే సరిపెట్టుకోవాలి. ఒట్టో క్రింగెలైన్ అనే గుమస్తా తన ఊళ్లోని స్నేహితుడితో, తాను ఇక ఎన్నాళ్లో బతకనని డాక్టర్లు చెప్పారనీ, దాచుకున్న సొమ్మంతా పట్టుకుని బెర్లిన్‌లోకెల్లా ఖరీదైన హోటల్లో దిగాననీ చెబుతాడు. ప్రైజింగ్ అనే బట్టల మిల్లు జనరల్ డైరెక్టర్ తన మామగారితో కంపెనీల విలీనం గురించి కంగారుగా మాట్లాడతాడు. బారన్ అనే రాచబిరుదున్న ఫెలిక్స్ ఫాన్ గైగర్న్ మాటల్లో తనకు అర్జెంటుగా సొమ్ము కావాలన్న సంగతి తెలిసిపోతుంది. రష్యన్ నర్తకి గ్రుజిన్‌స్కాయా పరిచారిక సుజెట్, ఈ రాత్రి అమ్మగారు నాట్యం చేయలేరని థియేటర్‌కు చెబుతుంది.

ఇంతే. పరిచయాలు అయిపోయాయి. ఒక్క ఫ్లాష్‌బ్యాక్ లేదు, వ్యాఖ్యాత లేడు. ఎవరికి ఏది కొరవడిందో మనకు తెలిసిపోయింది. సెన్ఫ్‌కు సెలవు పెట్టే స్తోమత లేదు, గుమస్తాకు ఆయుష్షు లేదు, డైరెక్టరుకు పరపతి లేదు, బారన్‌కు పైసా లేదు, నర్తకికి ప్రేక్షకులు లేరు. ఇప్పటి సినిమాలు అరగంట తీసుకునే పనిని దర్శకుడు ఎడ్మండ్ గూల్డింగ్ కొన్ని ఫోను కాల్స్‌తో ముగించాడు.

ఈ కథకు మూలం విక్కీ బౌమ్ 1929లో జర్మన్ భాషలో రాసిన నవల. వియన్నాలో పుట్టి బెర్లిన్‌లో స్థిరపడిన ఈ రచయిత్రి, హోటల్ జీవితాన్ని దగ్గరనుంచి తెలుసుకోవడానికి బెర్లిన్‌లోని ఒక హోటల్లో కొన్ని వారాలు గదులు శుభ్రం చేసే పనిమనిషిగా చేరింది. నాకు ఈ సంగతి చాలా ముఖ్యం. పరుపు మీద దుప్పటి మార్చేవాళ్లకు తెలిసినంతగా ఆ గది రహస్యం గదిలో దిగినవాళ్లకు కూడా తెలియదు. ఎవరి సూట్‌కేసు బరువుగా ఉంది, ఎవరిది ఖాళీ, ఎవరు టిప్పు ఇవ్వకుండా తప్పించుకుంటున్నారు, పట్టు చొక్కా లోపల ఎవరి బనీను చిరిగి ఉంది అన్నవి ఆ పనిలో ఉన్నవాళ్ల కంటపడే వివరాలు. నవల నాటకమై 1930లో న్యూయార్క్ బ్రాడ్‌వేకి చేరింది. అక్కడి విజయం చూసే ఎంజీఎం నిర్మాత ఇర్వింగ్ థాల్బర్గ్ దాన్ని సినిమాగా మలిచే పనికి పూనుకున్నాడు. అప్పటిదాకా హాలీవుడ్ లెక్క వేరు. ఒక సినిమాకు ఒక తార, మహా అయితే ఇద్దరు. ఒక్కొక్కరి పేరు మీద ఒక్కో సినిమా ఆడుతున్నప్పుడు ఐదుగురిని ఒకే టికెట్టుకు చూపించడం దుబారా అని స్టూడియోల భావన. థాల్బర్గ్ ఆ లెక్క మార్చాడు. గార్బో (నర్తకి), జాన్ బారీమోర్ (బారన్), జోన్ క్రాఫర్డ్ (స్టెనోగ్రాఫర్ ఫ్లెమ్‌షెన్), వాలెస్ బీరీ (ప్రైజింగ్), లయొనెల్ బారీమోర్ (క్రింగెలైన్) అనే ఐదుగురినీ ఒకే కప్పు కిందికి తెచ్చాడు.

మన తెలుగు ప్రేక్షకులకు మల్టీస్టారర్ అనగానే వెంటనే వచ్చే ఆలోచన పంపకం. ఎవరికి ఎన్ని పాటలు, ఎవరికి ఎన్ని ఫైట్లు, ఎవరి పేరు ముందు పడింది అన్న లెక్కలు. ఇక్కడి పంపకం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గార్బోకు, క్రాఫర్డ్‌కు కలిపి ఒక్క సన్నివేశం కూడా లేదు. ఒకే హోటల్లో ఉండి, ఒకే మనిషి వల్ల ఇద్దరి బతుకులూ మారి, చివరిదాకా ఒకరి ఉనికి ఒకరికి తెలియదు. తారల అహాలను కాపాడటానికే అలా చేశారని కొందరంటారు. కారణం ఏదైనా, కథకు అది మేలే చేసింది. హోటల్ అంటేనే అది కదా. పక్కగదిలో ఎవరున్నారో తెలియకుండా బతకడం.

మరి తెలియని మనుషుల్ని కలుపుతున్నదేమిటి? ఇక్కడే నా వాదన.

కథను పాత్రల వారీగా కాకుండా డబ్బు దారి పట్టి చదివి చూడండి. బారన్ అప్పుల్లో ఉన్నాడు. అప్పు తీర్చడానికి గ్రుజిన్‌స్కాయా ముత్యాలు కాజేయాలని ఆమె గదిలో దూరతాడు. ఆమె చావు గురించి ఆలోచించేంత కుంగిపోయి ఉండటం చూసి ఆగిపోతాడు, ప్రేమలో పడతాడు, ముత్యాలు తిరిగి ఇచ్చేస్తాడు. ఆమెతో పాటు వియన్నా రైలు ఎక్కాలంటే చేతిలో డబ్బుండాలి. ఆమె ఇస్తానంటే పుచ్చుకోడు. పేకాటకు కూర్చుంటాడు, ఉన్నదీ పోతుంది. అదే బల్ల మీద, ఆట సరిగా తెలియని క్రింగెలైన్‌కు డబ్బు వచ్చిపడుతుంది. బారన్ అతని పర్సు తీసి దాచుకుంటాడు. ఆ ముసలి గుమస్తా పర్సు కోసం వెతుక్కుంటూ విలవిల్లాడటం చూడలేక, అప్పుడే దొరికినట్టు నటించి ఇచ్చేస్తాడు. ఇక మిగిలింది ప్రైజింగ్ గది. అక్కడ దొరికిపోతాడు. ప్రైజింగ్ టెలిఫోనుతో కొట్టి చంపేస్తాడు. మొదట్లో అందరినీ కలిపిన టెలిఫోనే అది.

ముత్యాల నుంచి పర్సు దాకా, పర్సు నుంచి శవం దాకా ఒకే అప్పు ప్రయాణం చేసింది. ఒక గదిలో తీర్చలేకపోయిన బాకీ మరో గదిలో తలుపు తట్టింది. ఇది ప్రేమకథ అనుకుని చూసేవారికి చివర్లో బారన్ చావు ఏదో తగిలించిన మలుపులా కనిపిస్తుంది. డబ్బు కథగా చూస్తే అది మొదటి ఫోను కాల్‌లోనే రాసిపెట్టి ఉంది.

బారన్ పక్కన ప్రైజింగ్‌ను నిలబెట్టడంలో ఈ సినిమా తెగువ కనిపిస్తుంది. ప్రైజింగ్ గౌరవనీయుడు. మామగారి మిల్లుకు పెద్ద, నిజాయితీ గల వ్యాపారినని తనకు తాను కితాబు ఇచ్చుకునే మనిషి. సాక్సోనియా కంపెనీతో విలీనం కుదరాలంటే మాంచెస్టర్ వాళ్లతో తనకు ఒప్పందం ఉందని అవతలివాళ్లు నమ్మాలి. ఆ ఒప్పందం పోయిందని టెలిగ్రాం వస్తుంది. అది దగ్గర పెట్టుకునే, ఒప్పందం కుదిరిందని చెబుతాడు. సంతకాలు పడిపోతాయి. అంత పెద్ద అబద్ధం అంత తేలిగ్గా చెల్లడం చూశాక ఆ మనిషిలో ఏదో తెగిపోతుంది. అప్పటిదాకా అదిమి పెట్టుకున్న కోరికలన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. స్టెనోగ్రాఫర్ ఫ్లెమ్‌షెన్‌ను తనతో ఇంగ్లండ్ రమ్మనడం, తన గది పక్కనే ఆమెకు గది తీసుకోవడం, అన్నీ ఆ సంతకాల తర్వాతే. వాలెస్ బీరీ ఈ మార్పును మెడ, భుజాలతో చూపిస్తాడు. మొదట్లో బిగదీసుకుని ఉన్న మెడ, అబద్ధం చెప్పాక సడలుతుంది.

దొంగేమో పర్సు తిరిగి ఇచ్చాడు. డైరెక్టరు సంతకాలు దొంగిలించాడు. చట్టం దృష్టిలో మొదటిది నేరం, రెండోది వ్యాపార దక్షత. ప్రైజింగ్ చివరికి హంతకుడై అరెస్టు కాకపోయి ఉంటే ఆ అబద్ధానికి అతన్ని ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. సినిమా ఈ మాట ఎవరి నోటా పలికించదు, ఒక ఘటన పక్కన మరొకటి పెట్టి ఊరుకుంటుంది. నాకు ఈ సినిమా మీద ఉన్న గౌరవంలో సగం దీనికే.

మిగతా సగం క్రింగెలైన్‌కు.

అతను ఆ ప్రైజింగ్ మిల్లులోనే లెక్కలు రాసిన గుమస్తా. జీవితమంతా ఇతరుల జమాఖర్చులు రాశాడు. ఇప్పుడు తన ఖాతా మూసే రోజు వచ్చింది. హోటల్ వాళ్లు ఇచ్చిన గది నచ్చక రిసెప్షన్ దగ్గర నిలబడి గొడవ పెట్టుకుంటాడు. తానూ అందరిలాగే డబ్బు కడుతున్నాడు కదా, తనకెందుకు మూలగది? ప్రైజింగ్ దిగే గదుల లాంటి గది కావాలి. గొంతు వణుకుతుంది, టోపీ చేతుల్లో నలుగుతుంది, అయినా కౌంటరు ముందు నుంచి కదలడు. చూస్తున్న మనకు మొదట ఇబ్బందిగా ఉంటుంది. డబ్బున్నవాడికి అడగకుండానే దొరికేది ఇతను అరిచి సాధించుకోవాలి. అరుస్తుంటే సభ్యత తెలియనివాడిలా కనిపిస్తాడు. హోదా అనేది ఎలా పనిచేస్తుందో ఆ ఒక్క సన్నివేశంలో ఉంది.

మా నాన్న ఒక రైసు మిల్లులో గుమస్తా. చిట్టా, ఆవర్జా ఆయన చేతిరాతలో ముత్యాల్లా ఉండేవి. యజమాని గదిలోకి వెళితే లెక్క ఎంతసేపు చెప్పాలో అంతసేపూ నిలబడే చెప్పేవారు. కుర్చీ ఉండేది. కూర్చోమని ఎవరూ అనలేదు, ఆయనా కూర్చోలేదు. అందుకే హోటల్ బార్‌లో క్రింగెలైన్, ప్రైజింగ్ ఎదురుపడే సన్నివేశం వచ్చినప్పుడు నేను మామూలు ప్రేక్షకుడిగా ఉండలేను. ఫ్లెమ్‌షెన్‌తో నాట్యం చేసి, లూసియానా ఫ్లిప్ అనే కాక్‌టెయిల్ తాగి, జీవితంలో మొదటిసారి సంతోషంగా ఉన్నాడు ఆ మనిషి. ప్రైజింగ్ వచ్చి తన నౌకరు తన స్థాయి మరిచాడని కసురుతాడు. ఉద్యోగంలోంచి తీసేస్తానంటాడు. అప్పుడు క్రింగెలైన్ తిరగబడతాడు. నన్ను తీసేయడం నీ తరం కాదు, ఇప్పుడు నాకు నేనే యజమానిని, నేను చచ్చిపోతున్నాను, ఇక నన్నెవరూ ఏమీ చేయలేరు అని అరుస్తాడు.

చావు దగ్గరపడితే తప్ప యజమాని ముందు తల ఎత్తలేని బతుకు ఎలాంటిది? 1932లో థియేటర్లలో కూర్చున్న అమెరికన్లకు ఆ ప్రశ్న ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మహామాంద్యం నడినెత్తిన ఉంది. కోటికి పైగా ఉద్యోగాలు పోయాయి, వేల బ్యాంకులు మూతపడి జనం దాచుకున్న సొమ్ము గల్లంతైంది. జర్మనీలోనైతే అంతకు పదేళ్లు కూడా కాకముందే, 1923 ద్రవ్యోల్బణంలో, జీవితకాలపు పొదుపుతో రొట్టెముక్క కూడా రాని రోజులు జనం చూసి ఉన్నారు. అలాంటి కాలంలో పొదుపంతా విప్పేసి కేవియర్, షాంపేన్, సంగీతం కొనుక్కునే గుమస్తాను చూసి ఎవరు పిచ్చివాడంటారు? దాచుకుని ఏం బావుకున్నామన్న ప్రశ్న అప్పుడు ఇంటింటా ఉంది. కష్టకాలంలో జనం కష్టాలు మరిచిపోవడానికే ఇలాంటి వైభవాల సినిమాలకు వెళ్లారన్న మాట చాలాసార్లు చదివాను. ఈ సినిమా విషయంలో ఆ మాట నేను ఒప్పుకోను. జనం ఆ పాలరాతి హాల్లో చూసింది తమ ఇంటి లెక్కలనే.

సెడ్రిక్ గిబ్బన్స్ వేసిన ఆ సెట్టు గురించి ఒక్క మాట. అంతస్తులన్నీ గుండ్రంగా, వరండాలన్నీ లోపలికే చూస్తూ, అడుగున నలుపు తెలుపు గళ్ల నేల. దాని నడిమధ్య గుండ్రటి రిసెప్షన్ కౌంటరు. విలియం డేనియల్స్ కెమెరా పై అంతస్తు నుంచి తొంగిచూసినప్పుడల్లా ఎవరు ఎటు నడిచినా ఆ కౌంటరు చుట్టూనే తిరగాల్సి వస్తుంది. తాళంచెవి అక్కడే, ఉత్తరాలు అక్కడే, బిల్లూ అక్కడే. లూయిస్ స్టోన్ వేసిన డాక్టర్ ఒటర్న్‌ష్లాగ్ రోజూ అక్కడికి వచ్చి తనకు ఉత్తరం వచ్చిందా అని అడుగుతాడు. రాదు. యుద్ధంలో సగం ముఖం దెబ్బతిన్న ఆ మనిషే ‘మనుషులు వస్తారు, పోతారు, ఎప్పుడూ ఏమీ జరగదు’ అన్న ప్రసిద్ధమైన మాట అంటాడు. ఒక హత్య, ఒక అరెస్టు, ఒక పురుడు జరిగాక కూడా అదే మాట. వ్యంగ్యంగా రాసిన మాట అని చాలామంది విడదీసి చెబుతారు. నాకు మాత్రం అందులో హోటల్ పద్దు వినిపిస్తుంది. గది ఖాళీ అయింది, దుప్పటి మార్చారు, మరొకరు దిగారు. పుస్తకంలో చూస్తే నిజంగానే ఏమీ జరగలేదు.

లోపాలు లేవనను. గార్బో నటన ఈనాటి కళ్లకు కొన్నిచోట్ల మరీ ఎత్తులో సాగుతుంది. చిత్రీకరణ నాటికి ఆమెకు 26 ఏళ్లు. వెలుగు తగ్గిపోతున్న నర్తకిగా నమ్మించడానికి చేతుల్ని, కనుబొమల్ని ఎక్కువగా ఆశ్రయించింది. ప్రేమలో పడ్డాక, ఆ మరునాటి ఉత్సాహంలో మాత్రం ఆమెను కాదనడం ఎవరి వల్లా కాదు. లయొనెల్ బారీమోర్ కూడా కొన్నిచోట్ల కన్నీళ్లను కాస్త ఉదారంగా వాడాడు. నిజజీవితంలో అన్నదమ్ములైన జాన్, లయొనెల్ ఎదురెదురుగా ఉన్నప్పుడు మాత్రం అతి అంతా కరిగిపోతుంది. పర్సు తిరిగి ఇచ్చే చోట జాన్ ముఖంలో కనిపించే సిగ్గు ఈ సినిమాలోకెల్లా మంచి నటన అని నేననుకుంటాను.

నాకున్న పెద్ద ఫిర్యాదు వేరు. విక్కీ బౌమ్ బకెట్టు, గుడ్డ పట్టుకుని తెలుసుకున్న లోకం తెరమీదికి దాదాపు రాలేదు. పనివాళ్లలో మనకు మిగిలేది సెన్ఫ్ ఒక్కడే. రాత్రంతా ఇతరుల అవసరాలు తీరుస్తూ, తన బిడ్డ పుట్టిన వార్త ఫోన్లో విని, మళ్లీ కౌంటరు దగ్గర నిలబడే సెన్ఫ్. జీన్ హెర్షాల్ట్ ఆ పాత్రను ఎంత నిండుగా చేశాడంటే, ఇంకా కాసేపు ఉండి ఉంటే బాగుండేదనిపిస్తుంది. నాజీలు అధికారంలోకి వచ్చాక యూదు కుటుంబంలో పుట్టిన విక్కీ బౌమ్ పుస్తకాలను నిషేధించారు. అప్పటికే ఆమె అమెరికాలో స్థిరపడింది. సినిమా న్యూయార్క్‌లో 1932 ఏప్రిల్ 12న మొదటిసారి ఆడింది. పది నెలలు తిరక్కముందే జర్మనీ చాన్స్‌లర్ హిట్లర్. తెరమీది బెర్లిన్‌లో ఆ జాడ ఎక్కడా లేదన్నది నిజం. అయితే, పొదుపు మీద నమ్మకం పోయిన గుమస్తాలు, అబద్ధాలతో నిలబడిన పెద్దమనుషులు, యుద్ధం మిగిల్చిన ముఖాలు ఆ తెరమీదే ఉన్నారు. అంతకంటే ఏం చూపించాలి?

ఆస్కార్ విషయానికొస్తే, ఆ ఏడాది నటన విభాగాల్లో ముగ్గురేసి మాత్రమే నామినేట్ అయ్యారు. వాలెస్ బీరీ అదే వేడుకలో మరో సినిమాకు ఉత్తమ నటుడి బహుమతి ఫ్రెడ్రిక్ మార్చ్‌తో పంచుకున్నాడు కూడా. కాబట్టి ఏ ఒక్కరికీ నామినేషన్ రాకపోవడాన్ని ఈ సినిమా డొల్లతనానికి రుజువుగా చూపడం సరికాదు. ఇందులో ఎవరి వాటా ఎంతో విడదీయడం కష్టం. క్రింగెలైన్ లేకుండా బారన్ లేడు, బారన్ లేకుండా గ్రుజిన్‌స్కాయా ఆనందం లేదు.

తర్వాతి దశాబ్దాల్లో ఓడల్లో, విమానాల్లో, ఆకాశహర్మ్యాల్లో ఎన్ని కథలు ఈ పద్ధతిని అరువు తెచ్చుకున్నాయో లెక్క లేదు. తారల్నీ తలుపుల్నీ తెచ్చుకున్నారు. ఒకరి లోటు మరొకరి గదిలోకి ఎలా నడుస్తుందన్నది చాలామంది వదిలేశారు. అందుకే ఆ సినిమాల్లో మనుషులు ఒకే చోట ఉంటారు తప్ప ఒకరికొకరు తగలరు.

ఇక జోన్ క్రాఫర్డ్. గార్బో పేరు పెద్దదైనా సినిమాను మోసింది ఈమెనే. ఫ్లెమ్‌షెన్ తన ధర తెలిసిన అమ్మాయి. సొంత జీతంతో మంచి గౌను కొనుక్కున్న స్టెనోగ్రాఫర్‌ను ఎప్పుడైనా చూశారా అని బారన్‌ను అడుగుతుంది. ఏడుపు లేదు, ఫిర్యాదు లేదు. ప్రైజింగ్ ఏం కోరుతున్నాడో తెలిసే ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నాక ఆమె ముఖంలో ఒక్క క్షణం కనిపించే అలసటను డైలాగు అక్కర్లేకుండానే క్రాఫర్డ్ చూపిస్తుంది. చివర్లో ఆమె క్రింగెలైన్‌తో పారిస్ బయల్దేరుతుంది. డబ్బు కోసమే వెళ్లిందనీ, హాలీవుడ్ దాన్ని తీయటి ముగింపుగా అమ్మిందనీ కొందరు ముఖం చిట్లిస్తారు. వాళ్లకు నా జవాబు ఇది. క్రింగెలైన్ తన దగ్గర డబ్బుందనీ, తాను పోయాక అది ఆమెకే చెందుతుందనీ దాపరికం లేకుండా చెబుతాడు. ఆమె దాపరికం లేకుండా వింటుంది. అంతకుముందు ఆ హోటల్లో జరిగిన ప్రతి లావాదేవీలోనూ ఎవరో ఒకరు అబద్ధం ఆడారు. బారన్ ప్రేమ కూడా దొంగతనంతోనే మొదలైంది. బారన్ హత్య సంగతి చివరిదాకా తెలియని గ్రుజిన్‌స్కాయా, రైలు దగ్గర అతను ఉంటాడన్న నమ్మకంతో హోటల్ దాటి వెళ్లిపోతుంది. నిజం తెలిసినవాళ్లంతా ఆమె చుట్టూ నిలబడి దాచేస్తారు. అలాంటి చోట ఇద్దరు జీతగాళ్లు తమకేం కావాలో, తమ దగ్గరేముందో ఒకరికొకరు ముఖం మీదే చెప్పుకుని కలిసి టికెట్లు కొనుక్కోవడంలో నాకు తప్పేమీ కనిపించదు. పైగా అక్కడ మరో మంచి డాక్టరు దొరుకుతాడని, నయమవుతుందని అతనికి ధైర్యం చెప్పేది కూడా ఆమెనే. ఆమెకు డబ్బు మీద మాత్రమే ఆశ ఉంటే ఆ మాట అనాల్సిన అవసరం లేదు.